ఆగస్టు పదిహేను, రెండో ప్రశ్న

నేను ఒక నల్లబల్లను. వేపచెక్కతో చేసి, బొగ్గూ దొండాకు పసరూ పట్టించి నాకు నలుపు తెచ్చారు. కొన్నేళ్లు బడిలో ఎక్కాలు మోశాను. బడి మూతపడ్డాక గోదావరి గట్టు పక్కనున్న గ్రంథాలయం వరండాకు చేరాను. గ్రంథపాలకులు విశ్వేశ్వరం గారు రోజూ నా మీద 'చరిత్రలో ఈ రోజు' అని ఒక ప్రశ్న రాస్తారు. జవాబు మర్నాడు. ఈలోగా రిటైరైన బస్సు కండక్టరు బాపిరాజు గారు వచ్చి, టిక్కెట్టు చింపినంత తేలిగ్గా జవాబు చెప్పి పోతారు.

నాకు స్థిమితం లేదు. ఏ యుద్ధమైనా, ఏ పట్టాభిషేకమైనా నా మీద ఉండేది ఒక్క రోజే. తెల్లారితే మంగాయమ్మ తడిగుడ్డతో సిద్ధం. ఆమె గ్రంథాలయం ఊడ్చే మనిషి, చదువు రాదు. లోకంలోని గొప్పవాళ్లందరినీ తుడిచేసిన చెయ్యి అది.

ఒక శ్రావణమాసంలో ఆమె గుడ్డ పట్టుకునే విశ్వేశ్వరం గారిని అడిగింది. "ఎవరెవరి గురించో రాత్తారు. మా ఆయన గురించి ఓపాలి రాయరా బాబుగారూ? పెద్ద వరదలో పడవేసుకుని ఏటి మధ్య లంకలో జనాన్ని గట్టుకి చేర్చాడండి. ఆఖరి తడవ ఎళ్లినోడు మరి రాలేదు. ఆయన పేరు ఈ ఊళ్లో ఎవరికీ తెలవదండి."

"తారీఖెంత?"

"నాకేం తెలుసండీ! శ్రావణ శుద్ధ దశమి. ఏటా ఆ తిథికే తద్దినం పెట్టుకుంటానండి."

ఆయన పాత పంచాంగం తిరగేశారు. పెద్ద వరదొచ్చిన ఏడు ఆ తిథి ఆగస్టు పదిహేనున పడింది. ఆ రోజు నా మీద ఏ ప్రశ్న ఉంటుందో ఊరందరికీ తెలిసిందే. దాని పక్కన ఒక పడవకు చోటిస్తారా?

ఇచ్చారు. పైన ఎప్పటి ప్రశ్న. కింద, 'వరదలో మన లంక జనాన్ని దాటించి ప్రాణం విడిచినది ఎవరు?'

జెండా ఎగరేశాక మొదటిదానికి అందరూ కలిసి జవాబు చెప్పారు. రెండోదానికి బాపిరాజు గారి వైపు తిరిగారు.

"ఏం కండక్టరు గారూ, ఇయ్యాల చిల్లర లేదా?" అన్నారెవరో.

ఆయన కళ్లజోడు తీశారు. "ఆ పడవలో నేనూ ఎక్కాను. పేరు అడగలేదు."

మర్నాడు ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. విశ్వేశ్వరం గారు సుద్దముక్క తీశారు. "పేరు చెప్పమ్మా."

మంగాయమ్మ నాలుక కరుచుకుంది. "మొగుడి పేరు నోటితో ఎలా చెప్పమంటారండీ! అదేనండి, విశాపట్నం కాడ కొండమీద సామి లేడూ..."

"ఓ, అదా!" 'ఓలేటి అప్పన్న' అని రాసి ఆయన పైకి చదివారు.

"అయ్యబాబోయ్, అది మా బావగారి పేరండి!"

"పోనీ, నరసింహమా?"

"కాదండి."

"చెప్పెయ్ తల్లీ," అన్నారు బాపిరాజు గారు. "లేకపోతే మీ బావగారే పడవెక్కేస్తారు."

దేవుడి పేరు వెయ్యిసార్లు పలకమన్న పెద్దలు, మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకొద్దని ఎందుకన్నారో నాకు తెలియదు. మంగాయమ్మ వాళ్లిద్దరికీ వీపు పెట్టి నా వైపు తిరిగింది. కొంగుతో బావగారి పేరు తుడిచింది. నాకొక్కదానికే చెబుతున్నట్టు, మెల్లగా అంది.

"సింహాద్రండి."

విశ్వేశ్వరం గారు రాసిన ఆ పేరు ఆ రోజంతా నా మీద ఉంది. మర్నాడు పొద్దున్నే ఆమె తడిగుడ్డతో వచ్చింది. నేను బిగుసుకున్నాను. ఆమె తుడిచింది. తుడుస్తూ మళ్లీ ఆ పేరు అంది. ఈసారి, రేవులో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు.