గాలి పరుపు

పొద్దున ఆరింటికి, మంచం పట్టిన మాయక్కాళ్‌ను ఎడమ పక్కకు తిప్పి, నడుము కింది పుండు చూసింది రాక్కమ్మాళ్. రూపాయి బిళ్లంత ఉన్నది అరచెయ్యంత అయింది. గాలి పరుపు వేస్తే తగ్గుతుందని మూడు నెలలుగా మేనేజరు తంగరాజ్‌ను బతిమాలుతూనే ఉంది. ఆయన చూద్దాంలే అంటాడు, అంతటితో మరిచిపోతాడు.

రాక్కమ్మాళ్‌కు యాభై ఎనిమిదేళ్లు. సాత్తూరు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ఒళ్లు అరగదీసుకుంది. ఆ తర్వాత కోవిల్‌పట్టి శివార్లలోని ఈ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఆయా. మాయక్కాళ్‌ది ఎట్టయాపురం దగ్గర నల్లరేగడి ఆసాముల ఇల్లు. రాక్కమ్మాళ్ తల్లిని ఏనాడూ ఆ గడప లోపలికి రానిచ్చింది లేదు. ఇప్పుడు ఆ ఇంటి పెద్దావిడకు మలమూత్రాలు ఎత్తేదీ, ఈ తమిళ ఊళ్లో తెలుగులో పలకరించేదీ రాక్కమ్మాళ్ ఒక్కతే.

తొమ్మిదింటికి విరుదునగర్ నుంచి వ్యాన్‌లో గాలి పరుపు, దానికి గాలి ఊదే కరెంటు పంపు దిగాయి. పదకొండింటికి సర్కారు తనిఖీ వాళ్లు వస్తున్నారు. పరుపు అంచున అద్దె దుకాణం పేరు చూడగానే, తనిఖీ అయ్యాక ఇది వెనక్కి పోయేదేనని రాక్కమ్మాళ్‌కు అర్థమైంది. అయినా మాయక్కాళ్‌ను దానిమీద పడుకోబెట్టింది.

"ఎట్లుండాదమ్మా?"

"సుకంగా ఉండాదే రాక్కూ. దీన్ని తీయనీయకు."

తనిఖీ అధికారి కుర్రవాడు, మంచివాడు కూడా. పరుపును వేలితో నొక్కి, ఇది ఎన్నాళ్లుగా ఉందని తమిళంలో అడిగాడు. తంగరాజ్ కళ్లురిమాడు. కానీ రాక్కమ్మాళ్ అబద్ధమాడింది ఆ భయానికి కాదు. సర్కారు కాగితంలోకి ఎక్కిన వస్తువును ఇక ఎవరూ ఎత్తుకుపోలేరని ఆమె నమ్మకం. మూడు నెలలయిందని చెప్పింది. అధికారి తృప్తిగా రాసుకున్నాడు. పరుపు ఉంది కదా అని పుండు చూపించమనలేదు.

పిచ్చి మనిషి! నిజం చెప్పి ఉంటే ఆయనే కొనిపించేవాడేమో.

రెండింటికి వ్యాన్ మళ్లీ వచ్చింది. రాసుకుని పోయారు కదా, ఎలా తీస్తారంటూ రాక్కమ్మాళ్ మంచానికి అడ్డం నిలబడింది. తంగరాజ్ నవ్వాడు. రాసుకున్నారు గనకే ఇక దీంతో పనిలేదన్నాడు.

ఇద్దరు మనుషులు మాయక్కాళ్‌ను ఎత్తి పాత పరుపు మీదికి మార్చారు. "నొస్తాదే రాక్కూ" అంది, ఒక్కసారే.

నాలుగింటికి తిప్పబోతే ఒళ్లు చల్లగా తగిలింది. రాక్కమ్మాళ్‌కు ఏడుపు రాలేదు. తన మాటే ఆమెను చంపిందనిపించింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

శవాన్ని తీసుకుపోయాక వార్డు ఊడ్చింది. హడావిడిలో దుకాణం వాళ్లు గాలి పంపును మంచం కోడుకు తగిలించినది తగిలించినట్టే వదిలేసి పోయారు. స్విచ్చి కూడా తీయలేదు. అది గుర్రుమంటూ, ట్యూబు చివరినుంచి ఖాళీ మంచం మీదికి గాలి ఊదుతూనే ఉంది.