మింగిన దగ్గు

షహజాదికి దగ్గు మళ్ళీ మొదలైన రోజు ఆమె భర్త మహమ్మద్ చేసిన మొదటి పని, బిళ్ళల అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి తిప్పి చూడటం. రెండో పని చెప్పులేసుకుని బయటికి పోవడం.

"డూప్లికేటే! నా కళ్ళకే గంతలు కడదామనుకున్నారా ఈ మందుల షాపువాళ్ళు?" అన్నాడు గుమ్మంలోంచి.

ఆటోనగర్‌లో లారీ బేరింగులు అమ్మే మనిషికి లోకంలో ఏ తంటాకైనా కారణం అదొక్కటే. బండి ఆగితే నకిలీ పార్టు, పెళ్ళాం దగ్గితే నకిలీ బిళ్ళ. పాపం, ఆయన్ని అని లాభం లేదు. సిగరెట్టు వాసనే గిట్టని షహజాదికి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చి మంచాన పడితే, గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయించి, దానికి సరిగ్గా సరిపోతుందని డాక్టరు రూతుగారు ఇచ్చిన బిళ్ళ అది. నెల తిరక్కుండా షహజాది లేచి తిరిగింది. రంజానుకు సేమ్యా తానే వండింది. వీధి వీధంతా వచ్చి చూసి, గండం గడిచిందని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. అది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు 2007 చలికాలం.

బాగైపోయిన మనిషి మళ్ళీ దగ్గితే ఎవరూ చెవిన పెట్టరు. "మంచు పడుతోంది కదమ్మా, మిరియాల పాలు తాగు" అని పక్కింటి అమలమ్మ గోడ మీంచే చెప్పి వెళ్ళిపోయింది. మహమ్మద్ మాత్రం చెవిన పెట్టాడు, పెట్టి ఊళ్ళ మీద పడ్డాడు. గవర్నరుపేట మందుల షాపులు అయ్యాయి, గుంటూరు అయింది, చివరికి హైదరాబాదు నుంచి కూడా బిళ్ళలు తెప్పించాడు. సాయంత్రం వచ్చి కొత్త అట్టను గోటితో గీకి, వాసన చూసి, "ఇది ఒరిజినల్" అని ఆమె చేతిలో పెట్టేవాడు. పొద్దున్నే ఆమె దగ్గగానే మళ్ళీ చెప్పులు వేసుకునేవాడు.

ఆ మూడు గదుల ఇల్లు అంత పెద్దదని షహజాదికి అప్పటిదాకా తెలియదు. భయమేస్తోందని చెప్పుకుందామంటే ఎదురుగా మనిషి లేడు. దగ్గితే వెళ్ళిపోతాడు, దగ్గకపోతే ఉంటాడు. ఆ సంగతి అర్థమయ్యాక ఆమె దగ్గు మింగడం నేర్చుకుంది. గొంతులో పొడుచుకొచ్చినప్పుడు కొంగు పంటికింద బిగించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చేది. కళ్ళలో నీళ్ళు కనపడకుండా ఉల్లిపాయలు ముందేసుకునేది.

మహమ్మద్ పొంగిపోయాడు. "చూశావా, హైదరాబాద్ సరుకు! మందంటే ఇదీ." ఇక రోజూ కొట్టు పెందలాడే కట్టేసి వచ్చి ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు, ఆమె నవ్వుతూ వినేది. షహజాదికి అది ఎంత హాయిగా ఉందో అంత భయంగానూ ఉంది.

సంక్రాంతి వెళ్ళాక తీసిన స్కానింగులో గడ్డ పెరిగిందని తేలింది.

"మొదట్నుంచీ మీరు వాడినవన్నీ అసలు బిళ్ళలేనండీ" అన్నారు రూతుగారు. "బిళ్ళ వెళ్ళి కూర్చునే చోటునే క్యాన్సర్ మార్చేసుకున్నట్టుంది."

మహమ్మద్ వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాడు. "అంటే బేరింగ్ మంచిదే, అది కూర్చునే గూడు మారిపోయిందంటారు."

"అంతే. ఏం మారిందో తెలియాలంటే సూదితో మళ్ళీ ముక్క తియ్యాలి. నేననుకునే మార్పే అయితే, చెన్నైలో ఒక కొత్త మందు పరీక్షగా ఇస్తున్నారు, దానికి పంపిస్తాను. పనిచేస్తుందని మాటివ్వలేను. కాస్త ముందే రావాల్సింది."

"ముందెందుకొస్తామండీ? దగ్గు తగ్గిపోయిందిగా!"

షహజాది తల దించుకుని మొగుడితోనే చెప్పింది. "తగ్గలేదండీ. నేను దగ్గితే మీరు వెళ్ళిపోతున్నారు. అందుకని మింగేశాను."

చేత్తో తడిమి అసలూ నకిలీ చెప్పే మనిషి, పక్కనున్న పెళ్ళాం నవ్వును పోల్చుకోలేకపోయాడు.

సూదితో ముక్క తీసే గదిలోకి ఆయన్ని రానివ్వలేదు. షహజాదిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, "సూది లోపలున్నంతసేపూ దగ్గకూడదమ్మా. ఆపుకోగలరా?" అన్నాడు టెక్నీషియన్.

"అలవాటేనండీ" అందామె.

అంతా అయ్యి స్ట్రెచర్ వరండాలోకి వచ్చేసరికి దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది. ఈసారి కొంగు వెతుక్కోలేదు. బెంచీ మీదున్న మహమ్మద్ చటుక్కున లేచాడు. ఎక్కడికి పోతాడోనని షహజాది ఆయన కాళ్ళ వైపు చూసింది. ఆయన వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, అక్కడే నిలబడిపోయాడు. చెప్పులు బెంచీ కిందే ఉన్నాయి.