మాయ పాతే నేల

కృపావతి పసుపుపచ్చ సంచి మూతికి రెండు ముళ్లు వేసి, బకెట్లోకి దించి, పైన మూత పెట్టి అరచేత్తో నొక్కింది. అవి రాత్రి కాన్పులవి. మస్కట్లోని ఆ ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఆయా డ్యూటీ అంటే అదే మరి. నేల తుడవాలి, దుప్పట్లు మార్చాలి, బిడ్డ వెనక పడిన మాయను సంచిలో కట్టి పెరటి వైపున్న, ఆసుపత్రి చెత్త కాల్చే కొలిమికి చేర్చాలి. కృపావతి పొట్టి మనిషి. ఎడమ మోకాలు పట్టేసి నడకలో కాస్త ఒరుగు. చేతులు బ్లీచింగు నీళ్లలో నాని నాని పాలిపోయి ముడతలు పడ్డాయి. కాన్పైన తల్లులు డాక్టరమ్మకు మిఠాయిలు, సిస్టర్లకు ఖర్జూరాలు ఇచ్చి, ఈమెను మాత్రం గోడను దాటినట్టు దాటుకుని వెళ్లిపోయేవారు. ఆమెకూ దాని మీద పట్టింపేమీ లేదు.

కొలిమి తలుపు తీసినప్పుడు మాత్రం ఇన్నేళ్లయినా మొహం పక్కకు తిప్పుకునేది. అక్కడ ఇంటి దగ్గర, కృష్ణ పాయల మధ్య లంకలో, ఆమె అత్త రాహేలమ్మ మంత్రసాని. మాయ పడిందంటే ఇంటికి చుట్టం వచ్చినంత మర్యాద చేసేది. కొత్త కుండలో పెట్టి, పసుపు చల్లి, పెరట్లో మోకాలి లోతున గుంట తీసి, పొద్దు నడినెత్తి దాటకముందే పాతి, కుక్కలు కెలక్కుండా పైన రాయి పెట్టేది. పసుపెందుకమ్మా అని పాస్టరుగారు కసిరితే, "కూరలో వేస్తే రాని తప్పు ఇందులో వచ్చిందాండీ?" అనేది. అలాంటి ఇంటి కోడలు పోయిపోయి కాల్చే పనిలో పడింది. కొత్తలో సంచి లోపలికి తోసేముందు చిన్న ప్రార్థన చేసుకునేది. పోను పోను అదీ మానేసింది.

ఆ పొద్దున ఆరోహా అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. వాళ్లది న్యూజీలాండు. అలాగని తెల్లవాళ్లు కారు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ దీవుల్లో ఉన్న మావోరీలు. భర్త ఇక్కడే మస్కట్లోని సీబ్ విమానాశ్రయంలో మెకానిక్కు. మనవరాలి కాన్పు చూద్దామని అమ్మమ్మ మెరె సముద్రాలు దాటి వచ్చింది. చామనఛాయ, నిండైన ఒళ్లు, దూదిలాంటి జుట్టు, గడ్డం మీద తీగలు పాకినట్టు ముదురాకుపచ్చ గీతలు. కృపావతి వాటిని పచ్చబొట్టని పోల్చుకుంది. తన తల్లి గడ్డం మీది చుక్కలు గుర్తొచ్చి, ఎవరూ అడక్కుండానే ముసలామె నడుం వెనక దిండు పెట్టింది. వీసా అయిపోయింది, ఆ సాయంత్రమే ముసలామె విమానం ఎక్కాలి. ఈలోపు బిడ్డ పడుతుందో లేదోనని రాత్రంతా కుర్చీలోనే కాచుకుని, పిల్ల కేరుమన్నాక అలాగే కునుకు తీసింది. ఒళ్లో ఖాళీ ఐస్‌క్రీం డబ్బా ఉంది.

గుంటూరు పిల్ల సిస్టర్ ఎవాంజలిన్ పక్క బెడ్డుకు పరుగెడుతూ చెప్పింది. "కృపమ్మక్కా, వీళ్లది కొలిమికి పంపమాక. వాళ్లల్లో మట్టిలోనే పెడతారంట. డాక్టరుగారు సరేనన్నారు. ఆ డబ్బాలో వెయ్యి."

మనలాగేనన్నమాట, అనుకుంది కృపావతి. ఎన్నాళ్లకో ఒక మంచి పని చేతికొచ్చింది. ముసలామె లేస్తుందేమోనని చూసింది. లేవలేదు. కిటికీలో ఎండ పైకి పాకుతోంది. పొద్దు నడినెత్తికొస్తే ఎలా? అయినా ఈ వయసులో ఈ ఎండలో గుంట ఏం తవ్వుకుంటుంది, నేను చేసిపెడితే పోలా, అనుకుంది. ముసలామె ఒళ్లోని డబ్బా మెల్లగా తీసి మాయను అందులో వేసుకుంది. వంటగదిలో చిటికెడు పసుపు అడిగి తెచ్చుకుంది. లాండ్రీలో పనిచేసే కడప మొయినుద్దీన్ దగ్గర పార తీసుకుంది.

"ఏందిక్కా, బంగారం దాస్తాండావా? నాకూ ఒక భాగమియ్యి."

"ఇందులో భాగాలుండవు నాయనా. పార ఇటియ్యి."

లాండ్రీ వెనక రేగుచెట్టుంది. దాని నీడన, రాళ్లు అడ్డం పడుతున్నా మోకాలి లోతు తవ్వింది. మాయను దించి, పసుపు చల్లి, మట్టి కప్పి, వెతికి వెతికి చదునైన రాయి తెచ్చి పైన పెట్టింది. చాన్నాళ్ల తర్వాత ప్రార్థన కూడా చేసింది. డబ్బా కడిగి, తుడిచి, ముసలామె ఒళ్లో పెట్టి నవ్వుతూ నిలబడింది.

మెరె కళ్లు తెరిచి మూత తీసింది. ఖాళీ. మళ్లీ మూత పెట్టింది. మళ్లీ తీసింది. ఎవాంజలిన్ గబగబా వచ్చింది.

"కాల్చేశావా అక్కా?"

"ఎందుకు కాలుస్తా సిస్టరమ్మా? రేగుచెట్టు కింద పాతాను. పసుపేశాను, రాయీ పెట్టాను."

ఎవాంజలిన్ నుదురు పట్టుకుంది. "పాతాల్సింది ఇక్కడ కాదక్కా, వాళ్ల నేలలో. ఐసులో పెట్టుకుని విమానంలో తీసుకెళ్దామని ఆ డబ్బా తెచ్చుకుందామె."

కృపావతి రేగుచెట్టు వైపు తిరిగింది. తవ్వి తెద్దామా అంటే, పాతిన మాయను కదిలిస్తే బిడ్డకు కీడని అత్త చెప్పిన మాట నిలువునా అడ్డం పడింది.

ముసలామె కసురుకోలేదు. పక్క కుర్చీ చూపించి కృపావతిని కూర్చోమంది. ఆ వార్డులో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మెరె నెమ్మదిగా చెబుతూ పోయింది, ఎవాంజలిన్ తెలుగు చేస్తూ పోయింది.

"వాళ్ల తాతల నాడు ఆ కొండా కింద చేలూ అందరివీనంటక్కా. దొరలు కోర్టు పెట్టి, అందరివంటే కుదరదు, ఎవరివో పేర్లు చెప్పండన్నారంట. పది పేర్లు రాసుకుని ఊరుకున్నారంట. ఊరంతా తినే నేల పదిమందిదైపోయింది. కోర్టేమో ఎక్కడో దూరాన. నెలల తరబడి పడిగాపులు కాసి, తిండికి అప్పులై కొందరు, భయపడి కొందరు అమ్మేసుకున్నారంట. మిగిలింది పిల్లలకీ వాళ్ల పిల్లలకీ వాటాలు వాటాలుగా చీలింది. ఆఖరికి వీళ్లమ్మ వాటా మరీ చిన్నది, ఉంచుకుని ఏం చేస్తావని సర్కారే తీసుకుందంట. అడగను కూడా అడగలేదంట."

"మరి ఇప్పుడు పాతేదెక్కడమ్మా?"

"సమాధుల పక్కన ఒక కొండవాలు మిగిలిందంట. దున్నడానికి పనికిరాదని ఎవరూ కొనలేదు. ఈమెదీ, ఈమె పిల్లలవీ అన్నీ అక్కడే పాతారంట. ఇదంతా ఎందుకు, ఈ పిల్ల పేరు ఆ నేల కాగితాల్లో ఎక్కించొచ్చు కదా అన్నాను. నేల పోయిందే కాగితాలతో కదా, అంటోంది."

మెరె కృపావతి మోకాలి మీద చెయ్యి వేసి ఏదో అడిగింది.

"నీ పిల్లలవి ఎక్కడ పాతారంటోంది అక్కా."

కృపావతి చెప్పింది. "లంకలో. ఆ లంకను ఏరు కోసుకుపోయింది. ఇప్పుడక్కడ పడవలు తిరుగుతాయి."

అది విని ముసలామె తలాడించింది. కళ్లు మాత్రం నవ్వాయి. ఎవాంజలిన్ కూడా నవ్వాపుకుంటూ చెప్పింది. "నయమే, ఏరు సంతకం పెట్టించుకోలేదు, అంటోంది."

కృపావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని, తన భయం చెప్పేసింది. తవ్వితే బిడ్డకేమైనా అవుతుందేమోనంది. మెరె కర్ర అందుకుని లేచింది.

"అడిగి తీసుకుందాం అంటోందక్కా. ఈ మట్టిని అడుగుదాం పదమంటోంది."

ముగ్గురూ రేగుచెట్టు కిందికి వెళ్లారు. ముసలామె ఎండలో నిలబడి, కళ్లు మూసుకుని, తన భాషలో సన్నగా రాగం తీసింది. ప్రార్థనో పాటో కృపావతికి తెలియలేదు. చివర వచ్చిన ఆమెన్ ఒక్కటే తెలిసి, తనూ ఆమెన్ అంది. రాయి పక్కన పెట్టి చేతుల్తోనే తవ్వింది. మాయకు అంటిన మట్టిని దులపబోతే మెరె చెయ్యి పట్టుకుని ఆపింది. పసుపూ ఒమాన్ మట్టీ అన్నీ కలిపే డబ్బాలోకి చేరాయి. లాండ్రీ గుమ్మంలోంచి మొయినుద్దీన్ తొంగిచూసి, ఏదో ఎగతాళి ఆడబోయి, ముసలామె మొహం చూసి లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మనవరాలి భర్త కారు తెచ్చాడు. ఐసు నింపిన పెట్టెలో డబ్బా పెట్టుకుని, మెరె మొదట బిడ్డ నుదుటికీ ఆరోహా నుదుటికీ తన నుదురూ ముక్కూ ఆనించింది. తర్వాత బకెట్టు పట్టుకుని ఓ పక్కగా నిలబడ్డ కృపావతి దగ్గరకొచ్చి, ఆమె నుదుటికీ అలాగే ఆనించింది. ఇద్దరూ ఒకే ఊపిరి పీల్చినంతసేపు అలా ఉన్నారు. కారు విమానాశ్రయానికి పోయే అజైబా దారిలో మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

మర్నాడు పొద్దున కృపావతి రాత్రి సంచులకు ముళ్లు వేసి బకెట్టు ఎత్తుకుంది. కొలిమి తలుపు తీసి, ఆగి, పెదాలు కదిపి, అప్పుడు తోసింది. తిరిగొస్తూ రేగుచెట్టు దగ్గర నిలబడి, నోరు తెరుచుకున్న గుంటను కాలితో పూడ్చింది. ఇక అక్కడ కాపలా కాయాల్సిందేమీ లేదు. అయినా చేతులు ఊరుకోలేదు. ఒక వైపు పసుపు అంటుకున్న ఆ చదునైన రాయిని ఎత్తి, పూడ్చిన మట్టి మీద, అత్త పెట్టినట్టే, కదలకుండా కూర్చోబెట్టింది.