జెల్లీ మీద పడవలు

వ్యాన్ గతుకులో పడినప్పుడల్లా చిన్నకోడలు ఊపిరి బిగపట్టింది. ఆమె ఒళ్ళో వెడల్పాటి స్టీలు ట్రే ఉంది. ట్రే నిండా నీలం జెల్లీ, జెల్లీ మీద బొటనవేలంత పడవలు. మైదాపిండితో చేసి ఓవెన్‌లో కాల్చిన పడవలవి. కడుపులో చిదిమిన బంగాళాదుంప, పైన టూత్‌పిక్కుకి గుచ్చిన కీరాముక్క తెరచాప, అంచున వరసగా కూర్చున్న పచ్చిబఠాణీలు ప్రయాణికులు. అలాంటి ట్రేలు వెనకాల ఇంకా ఉన్నాయి.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి," అంది ముందు సీట్లో పెద్దకోడలు, వ్యాన్ నడుపుతున్న భర్తతో. "వెనకాల నది పొంగేలా ఉంది."

ఇద్దరూ తోడికోడళ్ళు. పెరట్లోని రేకుల షెడ్డులో వంట మొదలుపెట్టి రెండేళ్ళవుతోంది. పెద్దకోడలు వండుతుంది, చిన్నకోడలు ఆర్డర్లు తెస్తుంది. వేడుక దేని గురించైతే చిరుతిండి ఆ ఆకారంలో ఉండాలన్నది చిన్నకోడలి ఆలోచనే. లైబ్రరీవాళ్ళకి పుస్తకాల్లాంటి బిస్కెట్లు, దంత వైద్యుల సమావేశానికి పళ్ళవరసల్లాంటి శాండ్‌విచ్‌లు. "ఊఁ అని వచ్చేది నువ్వు, చేతులు కాల్చుకునేది నేను," అని పెద్దకోడలు సణుగుతుంది గానీ, జనం వాటిని ఫొటోలు తీసుకుంటుంటే పక్కకి తిరిగి నవ్వుకుంటుంది.

ఈసారి ఆర్డరు మ్యూజియంది. అక్కడ కొత్త గది తెరుస్తున్నారు. "పాత రేవు గురించమ్మా. నది, పడవలు, అదే థీమ్," అని ఫోన్లో చెప్పాడు అధికారి. "వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళెక్కువ. మెత్తగా ఉండేవి చెయ్యండి."

ముందురోజు ట్రేలు సర్దుతుంటే చిన్నకోడలు ఒక్కో దాంట్లో ఒక్కో పడవని పక్కకి ఒరగబెట్టింది. రెండు బఠాణీలు తీసి జెల్లీలో వేసింది.

"ఇదెందుకు పడిపోయింది?" అని అడిగింది పెద్దకోడలు.

"గాలికి ఒరిగిందక్కా. అన్నీ నిటారుగా ఉంటే బొమ్మల కొట్టులా ఉంటుంది."

"మరి ఈ రెండూ?"

"ఈత కొడుతున్నాయి."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మ్యూజియం వెనక గుమ్మం దగ్గర వాళ్ళని దింపి, పెద్దకోడలి భర్త టీ ఫ్లాస్కుల కోసం మళ్ళీ ఇంటికి బయల్దేరాడు. సామాను పెట్టుకోవడానికి ఒక చిన్న గది ఇచ్చారు. ఒక సింకు, ఒక పొడుగాటి బల్ల, మూలన తలుపు ఊడిన అల్మారా. అధికారి వచ్చి ట్రేలు చూసి మురిసిపోయాడు. ఆయన ఈ ఊరికి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఫోనుతో ఫొటో తీసి ఎవరికో పంపాడు.

"ముఖ్య అతిథిగారికి పంపానమ్మా. చూస్తే సంతోషిస్తారు. లోపల బల్లలు వేయించాను, సరిపోతాయో లేదో చూసుకోండి. బస్సు వచ్చే వేళయింది."

చిన్నకోడలు చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది.

మొదట కంటబడింది గాజుపెట్టెలో ఒక తెడ్డు. పక్క పెట్టెలో సొట్టలు పోయిన టిఫిన్ క్యారేజీ. ఆ పక్కన పసిపిల్లల చెప్పు, ఒక కాలిదే. ఆమె తలెత్తింది. గోడ పొడుగునా మొహాలు. పాత ఫొటోలు పెద్దవి చేయించినట్టున్నారు, కొన్ని అలికేసినట్టు మసగ్గా ఉన్నాయి. మధ్యలో అన్నిటికంటే పెద్ద ఫొటో. ఒడ్డున జనం. తాళ్ళు కట్టి లాగుతున్న పడవ. అది పక్కకి ఒరిగి ఉంది.

ఒక ముసలాయన స్టూలెక్కి ఒక ఫొటోని సవరిస్తున్నాడు. మెడలో టేపు ఉంది, ఎక్కడో దర్జీ పని చూసుకుంటూ అలాగే లేచి వచ్చినట్టున్నాడు.

"అమ్మా, కాస్త చూసి చెప్పు. సరిగ్గా ఉందా, ఓ పక్కకి వంగిందా?"

"బాగానే ఉందండీ. ఎవరు ఆవిడ?"

"మా ఇంటావిడ." ఆయన మెల్లగా దిగాడు. "వంతెన లేదప్పుడు. ఆ ఒడ్డునుంచి వస్తున్నారు. రేవు కనిపిస్తూనే ఉంది. దిగుదామన్న తొందరలో అందరూ ఒకే పక్కకి లేచారట."

"ఎంతమంది పోయారండీ?"

"ఈ గోడ మీద ఉన్నవాళ్ళంతా," అన్నాడు దర్జీ. "నువ్వెవరి తాలూకు?"

"నేను... టిఫిన్లు తెచ్చానండీ."

"మంచిపని తల్లీ. ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. ఏదో ఒకటి కడుపులో పడితే గానీ కూర్చోలేరు."

చిన్నకోడలు వెనక్కి వచ్చేసరికి పెద్దకోడలు తెరచాపలు సవరిస్తోంది. ఈమె మొహం చూసి చెయ్యి ఆపింది. చిన్నకోడలు నాలుగు ముక్కల్లో చెప్పింది. పెద్దకోడలు ట్రేలో ఒరిగిన పడవ వైపు, జెల్లీలో తేలుతున్న రెండు బఠాణీల వైపు చూసింది.

"నీకెవరూ చెప్పలేదా?"

"నది, పడవలు అన్నాడక్కా. అంతే."

"నువ్వు అడగలేదా?"

చిన్నకోడలు తల దించుకుంది. అడగలేదు. ఎప్పుడో ఒక పడవ మునిగిందని పెళ్ళైన కొత్తలో ఎవరో అనగా విన్న గుర్తు. ఇద్దరూ వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో ఆ మాట ఎన్నడూ రాలేదు.

అధికారిని పిలిపించారు. "సార్, ఇవి పెట్టలేం," అంది చిన్నకోడలు.

"పెట్టలేకపోవడమేంటి?"

"మునిగినవాళ్ళ ఇంటివాళ్ళకి పడవలు తినమని పెడతామా సార్?" అంది పెద్దకోడలు.

"అలా ఎందుకు చూస్తారమ్మా? పడవంటే పడవే. ముఖ్య అతిథిగారు బాగున్నాయని జవాబు కూడా ఇచ్చారు."

చిన్నకోడలు ఒరిగిన పడవని చూపించింది. అధికారి వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదొక్కటి తీసెయ్యండి. మిగతావి ఉండనివ్వండి."

"అన్నీ తీసెయ్యాలి సార్."

"మరి జనానికేం పెడతారు? ఖాళీ పళ్ళేలా?" ఆయన గొంతు పెరిగింది. బయట బస్సు హారన్ వినిపించింది. "మీ ఇష్టమమ్మా. మాటొస్తే మాత్రం నా మీదికి రానివ్వను." ఆ మాటంటూనే హారన్ వైపు పరుగెత్తాడు.

పెద్దకోడలు కొంగు బొడ్లో దోపుకుంది. "ముందు జెల్లీ సంగతి చూడు."

పడవలు బల్ల మీదికి తీసేసి, చిన్నకోడలు ట్రే ఎత్తి జెల్లీని సింకులోకి జార్చింది. సగం దిగి ఆగిపోయింది. నీళ్ళు వదిలితే నీలంగా పైకి లేచి అంచుదాకా వచ్చాయి. మోచెయ్యిదాకా ముంచి చేత్తో కెలికింది. రెండో ట్రే జెల్లీని చెత్తడబ్బాలో కుమ్మరించింది. పెద్దకోడలు పడవల్ని ఒక్కొక్కటే తీసి, బంగాళాదుంప గీకి ఉండలు చేస్తోంది, పడవల్ని విరిచి ముక్కలు చేస్తోంది. ముక్క మీద ఉండ, ఉండ మీద కీరా. ఏ ఆకారమూ లేదు. గదిలో కాల్చిన పిండి విరుగుతున్న చప్పుడు. బయట అడుగుల సవ్వడి, దగ్గులు, కుర్చీలు జరుపుతున్న రొద.

"ఇంకో ట్రే ఉండాలే," అంది పెద్దకోడలు ఉన్నట్టుండి. "గుమ్మం పక్కన పెట్టాం కదా. ఏది?"

గుమ్మం పక్కన లేదు. అటెండరు ఒకతను ఇందాక అటుగా వచ్చి వెళ్ళాడు.

చిన్నకోడలు నీలం చేతులతోనే పరుగెత్తింది. హాలు నిండింది. జనాన్ని తప్పించుకుంటూ నడుస్తుంటే దూరంగా తెల్లగుడ్డ పరిచిన బల్ల, బల్ల మధ్యన ట్రే కనిపించాయి. ట్రే ముందు ఒకావిడ నిలబడి ఉంది. గంజిపెట్టిన చీర, చంకలో సంచి. వెనకనుంచి చూస్తూనే చిన్నకోడలు పోల్చుకుంది.

ఆవిడ ఆమె అత్తగారు.

"సాయంత్రం నేనొకచోటికి వెళ్ళాలి," అని పొద్దున అత్తగారు అనడం, పనిలో పడి ఇద్దరూ ఎక్కడికని అడగకపోవడం ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. చిన్నకోడలు అక్కడే ఆగింది. అత్తగారే తిరిగి చూసింది. కోడలి మొహం, ఆపైన నీలం చేతులు చూసింది.

"ఇది నువ్వు చేశావా?"

"అవునత్తయ్యా."

"నవ్వుకుంటూ చేసి ఉంటావు."

అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు. "అవునత్తయ్యా. తెలీదు."

అత్తగారు మళ్ళీ ట్రే వైపు తిరిగింది. ఈలోగా పక్కన ఎవరో "అయ్యో, ఇదేంటి?" అన్నారు. ఇంకెవరో ముందుకి వంగారు. అందరినీ తోసుకుంటూ దర్జీ వచ్చాడు. ఒరిగిన పడవ చూశాడు. ఇందాకటి మెత్తటి గొంతు లేదు.

"ఎవరికి పుట్టింది ఈ బుద్ధి? మా వాళ్ళు పోయింది మీకు ఆటబొమ్మా?" చిన్నకోడల్ని గుర్తుపట్టి ఇంకా మండిపడ్డాడు. "నువ్వేనా? ఇందాక అన్నీ అడిగి తెలుసుకుని వెళ్ళి, ఇది తెచ్చి పెట్టావా?"

హాలంతా మెడలు ఇటు తిరిగాయి. గుమ్మం దగ్గర ముఖ్య అతిథికి దండ వెయ్యబోతున్న అధికారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. దండ పక్కవాడి చేతిలో పెట్టి వచ్చాడు. చెమట పట్టిన మొహంతో ట్రేని, దర్జీని చూశాడు. "క్యాటరింగ్ వాళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"నేనే చేశానండీ," అంది చిన్నకోడలు. "ఎవరి కోసమో తెలుసుకోకుండా చేశాను. మీతో మాట్లాడాకే తెలిసింది. అప్పటినుంచి తీసేస్తున్నాం. ఇదొక్కటి పొరపాటున బయటికొచ్చింది. తప్పు నాది."

"తెలుసుకోకుండా చేస్తారా ఎవరైనా?"

అధికారి ఒక క్షణం అటూ ఇటూ చూశాడు.

"వాళ్ళకి నేను చెప్పలేదండీ," అన్నాడు. "పడవలు చెయ్యమన్నది నేనే. తీసేస్తామని వాళ్ళంటే వద్దన్నది కూడా నేనే."

దర్జీ ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. తిట్టలేదు. తలకాయ అడ్డంగా ఊపి, జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే నయమనిపించింది చిన్నకోడలికి.

అత్తగారు సంచి భుజానికి తగిలించుకుంది. ట్రే ఒక కొస పట్టుకుంది. "ఆ పక్క పట్టు," అంది. అత్తా కోడలూ ట్రేని మోసుకుంటూ అంతమంది మధ్యలోంచి నడిచారు. చిన్నకోడలికి ఆ హాలు ఎంతకీ తరగనట్టనిపించింది.

చిన్న గదిలో అత్తగారిని చూసి పెద్దకోడలు నోరు తెరిచింది. అత్తగారు సంచి మూలన పెట్టింది. సింకు దగ్గర చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుంది. ఒరిగిన పడవని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టింది. మిగతావాటిని విరవడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీరు కూర్చోండి, మేం చేస్తాం," అంది పెద్దకోడలు.

"కూర్చునే ఉన్నాను కదా."

కాసేపటికి పెద్దకోడలితో తనే చెప్పింది. "నాకో చెల్లెలుండేది. మీ ఆయన పుట్టిన మూడో నెలలో వాణ్ణి చూడ్డానికి ఆ పడవలో బయల్దేరింది. దానికిష్టమని అన్నీ వండుకుని కూర్చున్నాను. చీకటి పడేదాకా మూతలు తియ్యలేదు."

పెద్దకోడలి చేతిలో పిండిముక్క పొడైపోయింది. "పిన్ని చిన్నప్పుడే జ్వరంతో పోయిందని అంటారు ఆయన."

"నేనే అలా చెప్పాను. తనని చూడ్డానికి వస్తూ పోయిందని పసివాడికెలా చెప్పను? పెద్దవాడయ్యాక ఇంకెలా చెప్పను?"

"నా మీద కోపంగా ఉందా అత్తయ్యా?" అని అడిగింది చిన్నకోడలు.

"ఉంది," అంది అత్తగారు, పని ఆపకుండానే. "ఇవాళ్టికి ఉంటుంది. ఆ ఉండలు మరీ పెద్దవి చేస్తున్నావు. నోట్లో పట్టద్దూ?"

అధికారి మళ్ళీ రాలేదు, అటెండరుతో కాగితం పళ్ళేలు పంపాడు. లోపల ఉపన్యాసాలు అయ్యేసరికి అన్నీ సిద్ధమయ్యాయి. ఇద్దరు కోడళ్ళూ కుర్చీల వరసల మధ్య తిరిగి పంచారు. కొందరు తీసుకున్నారు. కొందరు వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఒక ముసలావిడ రెండోసారి అడిగి తీసుకుంది. చిన్నకోడలు దర్జీ ముందుకి వచ్చి పళ్ళెం చాపింది. ఆయన పళ్ళెం వైపు చూడలేదు. "మంచినీళ్ళుంటే ఇవ్వమ్మా," అన్నాడు. ఆమె పరుగున వెళ్ళి తెచ్చింది. నీళ్ళు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు, అంతే.

జనం పలచబడ్డాక అత్తగారు కోడళ్ళని గోడ దగ్గరికి పిలిచింది. చివరి వరసలో ఒక ఫొటో. రెండు జడలు, ఎవరో నవ్వించబోతే ఆపుకుంటున్నట్టున్న పెదాలు. తనకంటే ఎంత చిన్నదో అనుకుంది చిన్నకోడలు. ఫొటోలో మసగ్గా ఉన్నా అత్తగారి ముక్కే.

"పేరు రాశారు గానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళం కాదు," అంది అత్తగారు. "నసపిట్ట అనేవాళ్ళం. నిద్రలో కూడా వాగేది. దాని నోటికి మా నాన్న దణ్ణం పెట్టేవాడు."

చెబుతుంటే ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే మొహం పక్కకి తిప్పుకుంది. చిన్నకోడలు చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగింది. అత్తగారే ఆ చెయ్యి అందుకుంది. వేళ్ళకింకా నీలం వదల్లేదు.

వెనక గుమ్మం దగ్గర పెద్దకోడలి భర్త ఖాళీ ఫ్లాస్కులు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది. పెద్దకోడలు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన్ని పిలవనా అత్తయ్యా?"

అత్తగారు ఫొటో చట్రాన్ని వేలితో సవరించింది. తర్వాత తలూపింది.

పెద్దకోడలు గుమ్మందాకా వెళ్ళి, "ఏవండీ, అవి అక్కడ పెట్టి ఒకసారి లోపలికి రండి," అంది. "అత్తయ్య మీకో మాట చెప్పాలంటున్నారు."