పసుపు నీళ్ళు

వాన వెలిసిన పొద్దుట సీతారామరావు బాగ్‌బేరా ఊళ్ళో తమ సందు చివర నాలా గట్టున కుర్చీ వేసుకున్నాడు. రైల్వేలో రిటైరై, భార్య కల్పన పోయాక, ఆయనకు ఎవరైనా ఒక పని అప్పగించడం ఇదే మొదలు.

పట్టాలవతలి ఊళ్ళో నాలాలోకి పసుపురంగు మందు పోస్తారు. అది ఇక్కడికి వస్తుందేమో ఆయన చూడాలి. ఇక్కడ తేలితే, వానాకాలమల్లా ఈ సందు బావిని పాడుచేస్తున్న మురుగు అక్కడిదేనని రుజువవుతుంది. అప్పుడు రెండు ఊళ్ళూ కలిసి నాలా బాగుచేస్తాయి. తేలకపోతే ఎవరి బావి వాళ్ళదే.

కాసేపటికి నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి. ఆయన రెండు ఊళ్ళ ఉమ్మడి కమిటీ ఇంజనీరు సౌరభ్‌కి ఫోన్ చేశాడు.

"వచ్చింది బాబూ."

"ఇంత జల్దీనా? పక్కా హై నా, అంకుల్?"

పక్కానేనా? ఆయన లేచి సందులోకి నడిచాడు. వేపచెట్టు కింద భద్రమ్మ, మరికొందరు ఆడవాళ్ళు ముంతలు వంచుతున్నారు.

"అమ్మోరికి పసుపు నీళ్ళు పోత్తన్నామన్నయ్యా. ఏటలా చూత్తన్నావు?"

ఆ నీళ్ళు చక్కగా నాలాలోకే పారుతున్నాయి. తను చూసింది మందా, పసుపా? రెండూనా? ఎంతకీ తేలలేదు.

ఫోన్ మోగింది. సౌరభే. "అవతలివాళ్ళు ఒప్పేసుకున్నారంకుల్. మీ మాట మీదే నాలా ఒప్పందానికి సంతకం చేస్తారట."

ఊరుకుంటే బావి బాగుపడుతుంది. ఆయన బావివైపు ఒకసారి చూశాడు.

"ఆగు బాబూ. నాకు తెలీదు. ఇక్కడ అమ్మవారి పసుపు కూడా కలిసింది."

సౌరభ్ అక్కడివాళ్ళను సంతకం ఆపమన్నాడు. "అయితే రేపు మళ్ళీ పోద్దాం. ఎర్రరంగు?"

పక్కనే వింటున్న భద్రమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎరుపొద్దు. రేపు హారతి, ఎర్ర నీళ్ళుంటాయి."

"పోనీ నీలం, అంకుల్?"

ఏ దేవతకీ నీలం నీళ్ళు పోసినట్టు ఎవరికీ గుర్తులేదు. "సరే" అన్నాడాయన.

మర్నాడు చాలాసేపటికి నీళ్ళలో సన్నటి నీలి చార కదిలింది. ఆయన ఫోన్ మీద చెయ్యి వేసి ఆగాడు. ఎవరైనా తెల్లబట్టలకు నీలిమందు పెట్టారేమో!

తలెత్తి చూశాడు. సందు పొడుగునా దండేలన్నీ ఖాళీ.

"రాత్రే అందరికీ సెప్పేశానన్నయ్యా" అంది భద్రమ్మ వెనకనుంచి. "ఇయ్యాల బట్టలుతకొద్దని. మా ఆయన మాసిన చొక్కాతోనే డ్యూటీకెళ్ళాడు, తిట్టుకుంటా."

సీతారామరావు కళ్ళద్దాలు తుడుచుకుని నాలాలోకి ఇంకోసారి చూశాడు. చార చిక్కబడుతోంది. అప్పుడు ఫోన్ తీశాడు.