ఖాళీ గడుల మనుషులు

రొట్టెలు కాల్చే అతనికి ఇరవై మూడేళ్లు. పెళ్లి కాలేదు, ఒక్క గదిలో ఒక్కడే ఉంటాడు. అతనికి గృహ కేటాయింపు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో మాత్రం కుటుంబ సభ్యులు మూడువందల పన్నెండు మంది అని ఉంది. అంత సంసారం ఉన్నవాడు కాబట్టి కొత్త భవనంలో అన్నిటికంటే పెద్ద ఇల్లు అతనికే ఇచ్చారు. ఉదయం తొమ్మిదిన్నరకి ఆ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నవ్వుతూ నిలబడ్డాడు. అతని వెనక వరుసలో ఉన్నవాళ్లెవరూ నవ్వడం లేదు.

కౌంటర్ లోపల ఉన్నావిడని అందరూ రిజిస్టరమ్మ అంటారు. పదకొండేళ్లుగా ఆ పాత భవనంలోని రెండువందల పద్నాలుగు తలుపులూ తట్టి, ఎవరింట్లో ఎవరున్నారో నోట్‌బుక్కుల్లో రాసి, కంప్యూటర్లో షీట్‌గా ఎక్కించింది ఆవిడే. ఇప్పుడు ఆ భవనం కూలగొడుతున్నారు. ఒంటరివాళ్లకి ఒక గది, కుటుంబాలకి తలల లెక్కన ఇల్లు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే కింది అంతస్తు, ఎందుకంటే కొత్త భవనంలో లిఫ్ట్ లేదు. ఉత్తరాల్లో తప్పులుంటే ఈరోజు సాయంత్రం ఐదింటిలోగా దిద్దాలి, ఆ తర్వాత జాబితా పై ఆఫీసుకి పోతుంది, ఇక దేవుడు దిగొచ్చినా మారదు.

నలుగురు పిల్లల తల్లికి ఒంటరి గది వచ్చింది. ఆరుగురున్న ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఎనిమిదో ఉత్తరం చూసేసరికి రిజిస్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదోది పట్టుకొచ్చినావిడ సొంత అక్క.

"ఇది చదువు," అంది అక్క, కాగితం కౌంటర్ మీద కొట్టి. "నాలుగో అంతస్తట, ఒంటరి గదట. మీ బావ బతికే ఉన్నాడా లేడా? నువ్వే కదా రాసింది?"

బావకి డెబ్బై ఒకటి. తుంటికి రెండుసార్లు ఆపరేషన్ అయింది, గడప దాటాలన్నా గోడ పట్టుకోవాలి. అక్క వెనక బెంచీ మీద చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మరదలిని చూసి చెయ్యెత్తాడు.

"కూర్చోండి, ఇప్పుడే వస్తాను," అని రిజిస్టరమ్మ లేచి వెనక గదిలోకి వెళ్లింది.

అక్కడ డేటా ఆయన కూర్చుంటాడు. ఆమె షీట్‌ని కొత్త డేటాబేస్‌లోకి మార్చడానికి నెల కిందట వచ్చిన కాంట్రాక్టు మనిషి. గడ్డం, మెడలో హెడ్‌ఫోన్లు, ఎవరితోనూ మాట్లాడడు. ఆమె పక్కన కుర్చీ లాక్కుని, "నలభై ఏడో తలుపు చూపించు," అంది.

చూపించాడు. నలభై ఏడులో అక్క ఒక్కతే ఉంది. బావ పేరు వెతికితే పన్నెండో తలుపు కింద, తాళాలు బాగుచేసే ముసలాయన కుటుంబంలో, ముక్కూ మొహం తెలియని మరో నలుగురు ముసలివాళ్లతో కలిసి తేలాడు.

"మా బావ అక్కడెందుకున్నాడు?"

డేటా ఆయన మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ షీట్లో చాలా గడులు ఖాళీగా ఉన్నాయి మేడమ్. ఒక ఇంట్లో మొదటి మనిషికే తలుపు నంబరు వేశారు, మిగతావాళ్లకి వెయ్యలేదు. డేటాబేస్‌లో ఇళ్లది ఒక పట్టిక, మనుషులది ఒక పట్టిక. మనిషికి తలుపు నంబరు లేకపోతే అది తీసుకోదు. ఐదువందల ఎనభై తొమ్మిది మందిని వెనక్కి కొట్టింది. అందుకని ఖాళీ గడిలో పైగడి నంబరే నింపాను."

"మంచిదే కదా. పైనున్నది ఆ ఇంటి నంబరే."

"నింపేముందు వయసు ప్రకారం సార్ట్ చేశాను. డెబ్బై దాటినవాళ్ల లిస్టు ముందు కావాలని ఆఫీసర్ సార్ అడిగారు. అలాగే సేవ్ అయిపోయింది."

రిజిస్టరమ్మకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ఒళ్లంతా మండిపోయింది. పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా వరసగా నిలబెట్టి, తలుపు నంబరు లేని ప్రతి మనిషినీ తన పైన నిలబడ్డవాడి ఇంట్లోకి తోసేశారు. ఇంటి పెద్దలందరిలోకీ చిన్నవాడు రొట్టెలతను. అతని కంటే చిన్నవాళ్లు, అంటే భవనంలోని పిల్లాజెల్లా అంతా, పోయి అతని ఒళ్లో పడ్డారు.

"మరి నీ డేటాబేస్ అప్పుడు ఒప్పుకుందా?"

"ప్రతి మనిషికీ నంబరు ఉంది, ప్రతి నంబరుకీ ఇల్లు ఉంది. ఒక్క తప్పూ చూపించలేదు మేడమ్."

ఇరవై మూడేళ్లవాడికి మూడువందల మంది పిల్లలుంటే కిమ్మనని యంత్రం, ఒక్క గడి ఖాళీగా ఉంటే మాత్రం పెద్ద పట్టింపు. ఆమెకి దాన్ని ఎత్తి కిటికీలోంచి విసిరేయాలనిపించింది. అంతకంటే ఎక్కువగా తన చేతులు తనే నరుక్కోవాలనిపించింది. వేళ్ల నొప్పులని, ఒకే నంబరు ఆరుసార్లు ఎందుకు కొట్టాలని, నోట్‌బుక్కుల్లో లాగే షీట్లో కూడా పదకొండేళ్లు గడులు ఖాళీగా వదిలింది. ఖాళీ అంటే పై వరుసవాళ్ల ఇంటి మనిషే అని ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసనుకుంది. తెలిసింది తనొక్కదానికే.

"పాత షీట్ ఉందా?"

"దాని మీదే సేవ్ అయింది. సారీ మేడమ్."

ఆమె నేరుగా ఆఫీసరుగారి గదిలోకి వెళ్లింది. ఆమెని చూడగానే ఆయన కుర్చీ చూపించారు. అంత మర్యాద ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. రిజిస్టరు నిర్వహణలో నిర్లక్ష్యం వల్ల మూల సమాచారం లోపభూయిష్టంగా ఉన్నదనీ, అందుకు బాధ్యత రిజిస్టరమ్మదేననీ అందులో ఉంది, కింద ఆమె సంతకానికి చోటు.

"డేటాబేస్‌లో లోపాలు సున్నా అని నిన్ననే పైకి రిపోర్టు పంపాను," అన్నారాయన. "ఇప్పుడు తప్పులున్నాయంటే బాగుండదు. మీరు ఖాళీలు వదిలిన మాట నిజమే కదా?"

"నిజమే సార్. వాటిని కలగాపులగం చేసింది నేను కాదు. నోట్‌బుక్కులు బీరువాలో ఉన్నాయి, ఐదింటిలోగా దిద్దొచ్చు."

"అవి పాతబడ్డాయి, చెల్లవు." ఆయన గొంతు తగ్గించారు. "మీ అక్కగారు వచ్చారని విన్నాను. నలభై ఏడు ఒక్కటే కదా, దాన్ని ఇప్పుడే చేత్తో మార్పించేస్తాను. కింది అంతస్తు, గాలీ వెలుతురూ ఉండే ఇల్లు. మీరు ఆ సంతకం పెట్టండి."

ఆమెకి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఎనిమిదివందల మందిని చిందరవందర చేసి, ఒక ముసలాయన తుంటి ఎముకతో బేరమాడుతున్నాడు. కాగితం తీసుకుని బయటికి వచ్చింది.

అక్క అంతా విని, ఒక్కమాటే అంది. "పెట్టెయ్."

"మిగతా వాళ్లు?"

"మిగతావాళ్లు నీకు అన్నం పెట్టారా? నాన్న పోయాక నిన్ను పెంచింది మీ బావ. ఆయన్ని నాలుగంతస్తులు మొయ్యడానికి నువ్వొస్తావా రోజూ? ఒక్క సంతకానికి నీ సొమ్మేం పోయింది?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే రిజిస్టరమ్మకి అక్క మీద కూడా కోపం వచ్చింది. బావ వైపు చూసింది. ఆయన కర్ర వైపు చూస్తున్నాడు, పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆమె కౌంటర్ మీద కాగితం పరిచి, టైపు చేసిన నాలుగు వరుసల్నీ అడ్డంగా కొట్టేసి, కింద చేత్తో రాసింది. "నా షీట్లో ఖాళీ గడి అంటే పై గడిలో ఉన్న ఇంటి మనిషే అని అర్థం. ఆ సంగతి రాసిపెట్టకపోవడం నా తప్పు. వరస చెడగొట్టేముందు నన్ను అడగకపోవడం మీ తప్పు." సంతకం పెట్టి, తీసుకెళ్లి ఆఫీసరుగారి బల్ల మీద పడేసింది. ఆయన చదివేలోగా బీరువా తెరిచి నాలుగు నోట్‌బుక్కులూ చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చింది.

డేటా ఆయన అప్పటికే ల్యాప్‌టాప్ తెచ్చి కౌంటర్ చివర కూర్చున్నాడు. "పదకొండున్నరయింది మేడమ్. ఒక్కో ఇంటికి నిమిషమున్నర కంటే ఎక్కువ లేదు," అన్నాడు. "ఐదింటికి ఫైలు పంపేది నేనే. ఏది పంపాలో నాకు తెలుసు."

ఆఫీసరుగారు తలుపు దగ్గరికి వచ్చారు. "ఎవరి పర్మిషన్‌తో ఇదంతా?"

నలుగురు పిల్లల తల్లి తిరిగి చూసింది. ఆమె వెనక వరుస మొత్తం తిరిగి చూసింది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ ఫోన్ పై ఆఫీసుకనీ, రేపు తన కుర్చీ ఉండదనీ రిజిస్టరమ్మకి తెలుసు.

"రానివాళ్లకి కబురు పంపండి," అంది హాలుకంతా వినిపించేలా. "నంబరు పిలుస్తాను. ఇంటిల్లిపాదీ కలిసి లేవండి. పుట్టినవాళ్లుంటే చెప్పండి, పోయినవాళ్లుంటే చెప్పండి."

"ముందు మాది చెప్పు," అంది అక్క.

"నలభై ఏడు వచ్చినప్పుడు చెప్తాను. కూర్చో."

అక్క చూసిన చూపుకి గడ్డి భగ్గుమనేది. మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

ఒకటి, రెండు, మూడు. పన్నెండు పిలిస్తే తాళాల ఆయన లేచి, "నేనూ మా ఆవిడా, అంతే. ఉత్తరంలో ఐదుగురు చుట్టాల్ని తగిలించారు, పట్టుకుపోండి," అన్నాడు. హాల్లో మొదటిసారి ఎవరో నవ్వారు. రిజిస్టరమ్మ నవ్వలేదు. గొంతు బొంగురుపోతున్నా ఒక్కో పేరూ కోపంగానే చదువుతోంది, ఒక్కో పేరు పక్కనా తలుపు నంబరు చెబుతోంది.

పన్నెండున్నర దాటాక, "నలభై ఏడు," అంది.

ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. బావ కర్ర ఆనించి లేవబోయాడు. అక్క ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, తను లేచి నిలబడింది, మొహం ఇటు తిప్పకుండానే.

"ఇద్దరం," అంది.

డేటా ఆయన అక్క పేరు కొట్టి, నంబరు వేశాడు. కింది వరుసలో బావ పేరు కొట్టాడు.

"అక్కడ కూడా నలభై ఏడు వెయ్యి," అంది రిజిస్టరమ్మ. అతను వేసేదాకా తెర మీంచి చూపు తియ్యలేదు. వేశాక, పేజీ తిప్పి, "నలభై ఎనిమిది," అని పిలిచింది.