కింది తలుపు

ఖండం మొత్తానికి ఎత్తైన మేడ అనిపించుకోవడానికి ఆ మేడకు మూడు మీటర్లు తక్కువైంది. పక్క దేశపు నగరంలో ఇంకొకటి ఆ మూడు మీటర్లతోనే మీసం మెలేస్తోంది. పైన ఇక కట్టడానికి వీల్లేదు. అప్పుడు మేనేజరుకు బుర్ర వెలిగింది. జనం నడిచి వచ్చే తలుపుల్లో అన్నిటికన్నా కిందున్న దాని దగ్గర్నుంచి కొలవాలన్నది రూలు. ముందు గుమ్మం పై వీధిలో ఉంది. పాతిక మెట్లు దిగితే కింది వీధిలో, చెత్తడబ్బాల పక్కన, ఊడ్చేవాళ్ల తలుపుంది. అది నాలుగు మీటర్లు కింద ఉంది; అక్కణ్నుంచి కొలిస్తే ఈ మేడదే గెలుపు.

వారంలో ఆ తలుపుకు ఇత్తడి పిడి, పూలకుండీలు వచ్చాయి. ఊడ్చేవాళ్ల పెద్దను అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆవిడ ఆ సింగారం చూసి ముక్కున వేలేసుకుంది. అక్కడ బల్బు మార్చమని ఆరేళ్లుగా అడిగి ఆమె నోరు నొప్పి పుట్టింది. మోకాలు వాచిన రోజున ముందు గుమ్మంలోంచి వెళ్లబోతే వెనక్కి పంపేశారు. అందుకు ఆమెకు ఇంకా మండుతూనే ఉంది.

"రేపు కొలిచేవాళ్లు వస్తారు" అన్నాడు మేనేజరు. "మంచి బట్టలు వేసుకొని ఇటునుంచి రా. అడిగితే ఆఫీసు పని మీద వచ్చానను."

"అననంటే?"

"ఎల్లుండి నుంచి రానక్కర్లేదు."

కూతురి చదువు ఇంకా రెండేళ్లుంది. మేస్త్రమ్మకు భయమేసింది. కానీ కోపం అంతకంటే ఎక్కువగా వచ్చింది.

మర్నాడు రోజూ వేసుకునే నీలం కోటుతోనే, నీళ్ల బకెట్‌తో వచ్చి నిలబడింది. కొలతల ఆవిడ అడిగింది: "ఇటునుంచి ఎవరెవరు వస్తారమ్మా?"

"మేం పద్దెనిమిది మందిమి వస్తామమ్మా. చెత్త పోతుంది. పై గుమ్మంలోంచి మమ్మల్ని రానివ్వరు."

"బయటివాళ్లు?"

"ఈ కుండీలొచ్చాయి, మొన్న."

కొలతల ఆవిడ పుస్తకం మూసింది. "పనివాళ్ల తలుపైతే లెక్కలోకి రాదు. జనం రావాలి."

మేనేజరు గొంతు పెంచాడు. "వాళ్లు మాత్రం జనం కాదా మేడమ్?"

మేస్త్రమ్మ అతన్ని తేరిపార చూసింది. "ఆ మాట కోసమే సార్, ఆరేళ్లుగా కాచుక్కూర్చున్నాం."

బకెట్ పట్టుకొని పాతిక మెట్లూ ఎక్కింది. వెనకే వాళ్లిద్దరూ ఎక్కారు. ముందు గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇటు కాదమ్మా, కిందనుంచి."

"నేను జనాన్నట బాబూ. మీ సారే చెప్పారు, అడుగు."

అతను మేనేజరు వైపు చూశాడు. పక్కనే కొలతల ఆవిడ ఉంది. మేనేజరు రానివ్వమని తల ఊపాడు. తలుపు తెరుచుకుంది.

నున్నటి పాలరాతి మీద బకెట్‌లోంచి నీళ్లు ఒలికాయి. మేస్త్రమ్మ తుడవలేదు.